దువాతోపాటు దవా: మనసుకు తగిలిన గాయము, మన సొసైటీ బాధ్యత
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికమీద మాకు అప్పగించే విషయము ఒక్కటే. ఎంతమంది పిల్లలు పాసైనారు, ఎంతమంది బడి మానినారు, ఉర్దూ మీడియం పిల్లలకు పై చదువులు ఎట్లా అన్నదే. ఈసారి కార్యదర్శిగారిని బ్రతిమాలి విషయము మార్చుకున్నాము. మనసుకు వచ్చే జబ్బును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. పంతులుకు వైద్యముతో ఏమి పని అని మీరు అడుగవచ్చును. మేము డాక్టర్లము కాము. కాని మా దగ్గర అలిఫ్, బే దిద్దుకున్న ఒక పిల్లవాని మూలముగా మేము నేర్చుకున్న పాఠము ఇది. ఆ పాఠములో మా తప్పు కూడా వున్నది. దానిని దాచుకొని మాట్లాడుట న్యాయము కాదు.

ఆ పిల్లవాని పేరు చెప్పము. పేట కూడా చెప్పము. ఏడవ తరగతి వరకు మా దగ్గర చదివినాడు. లెక్కల్లో చురుకైనవాడు. ఇంట్లో జరుగుబాటు లేక బడి మాని, అన్నతోపాటు నాపరాతి గనికి పోయినాడు. మన బనగానపల్లె, బేతంచెర్ల, కోవెలకుంట్ల చుట్టుపట్ల ఎన్ని కుటుంబాలు ఈ రాతిమీద బ్రతుకుచున్నవో మీకు మేము చెప్పనక్కరలేదు. ఒకనాటి ఉదయము గనిలో పై మట్టిగట్టు విరిగి పడింది. ఇతడు బయటికి దూకినాడు. అన్న లోపల వుండిపోయినాడు. గడ్డపారలతో, తరువాత ఉత్త చేతులతో, గంటకు పైగా తవ్వినారు. తీసేసరికి ప్రాణము లేదు.

నలుబదవ దినము ఫాతెహా అయిన తరువాత పిల్లవాడు మళ్లీ పనికి పోయినాడు. పోయినాడేగాని నిలువలేకపోయినాడు. పాలిష్ ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను చప్పుడు వింటే చాలు, చెమటలు పట్టి కూలబడేవాడు. రాత్రి కన్ను మూస్తే మట్టి మీద పడినట్లు అరిచి లేచేవాడు. ఆ దారి మాని ఊరంతా చుట్టి తిరిగిపోయేవాడు. కొన్ని మాసములకు అన్న గొంతు వినిపించసాగింది. “నన్ను వదిలిపెట్టి ఎందుకు పైకెక్కినావు?” అని ఆ గొంతు అడుగుతుందట. తరువాత మరికొన్ని గొంతులు తోడైనవి. తనను కూడా పూడ్చిపెట్టుటకు మనుషులు వెంట తిరుగుచున్నారని నమ్మినాడు. తలుపు గడియ వేసుకొని, తల్లి వండిన అన్నములో విషమున్నదని పళ్లెము నెట్టివేసినాడు.

తల్లి ‘అసర్’ అన్నది. తావీజు కట్టించినారు. తెలిసినవారు చెప్పగా దర్గాకు తీసుకొనిపోయి కొన్ని వారములు వున్నారు. అక్కడ ఎవరో, రాత్రిపూట పారిపోతాడేమో గొలుసు వేయండి అని సలహా ఇచ్చినారు. ఆమె ఒప్పుకోలేదు. ఇంటికి తెచ్చుకున్నది. ఆ తల్లి ధైర్యమునకు మేము ఈ సభలో సలాము చేయుచున్నాము.

ఆమె మా ఇంటికి వచ్చి, “మాస్టర్ సాబ్, వాడు మీ మాట వింటాడు, ఒక్కసారి చెప్పండి” అన్నది. మేము పోయినాము. పోయి ఏమి చెప్పినాము? “బేటా, జరిగింది మరిచిపో. ఇక అన్న మాట ఎత్తవద్దు” అన్నాము. ఇంట్లోవాళ్లకు కూడా, పెద్దవాని పేరు తీయకండి, ఫోటో పెట్టెలో పెట్టండి అని బోధించినాము. పిల్లవాడు తల వంచుకొని, “నేను మరిచిపోయినా అన్న మరువనిస్తాడా సార్?” అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అయినా మేము చెప్పిందే తెలివైన మాట అనుకొని ఇంటికి వచ్చినాము.

ఇంకొక మాట. ఆ తల్లి పెద్దాసుపత్రికి పోయి రావడానికి దారి ఖర్చులు ఇప్పించమని మన సొసైటీకి అర్జీ పెట్టుకున్నది. మన వైద్య సహాయ నియమములో ఆపరేషను వున్నది, కాన్పు వున్నది, ప్రమాదము వున్నది. మనసు జబ్బు లేదు. “నియమావళిలో లేనందున పరిశీలించలేము” అని వ్రాసినారు. ఆ కాగితము మీద వున్న సంతకములలో మాది కూడా ఒకటి. గనిలో కాలు విరిగి వుంటే సహాయము అందేది. అదే గనిలో మనసు విరిగినందుకు అందలేదు.

తరువాత బంధువులలో ఒకరు పూనుకొని అతనిని నగరములో సర్కారు ఆసుపత్రికి చేర్చినారు. మాత్రలు ఇచ్చినారు. కొన్ని వారములకు గొంతులు తగ్గినవి, అన్నము తిన్నాడు, అనుమానము పలచబడింది. బాగైనానని తనకు తానే మాత్రలు మానినాడు. మళ్లీ మొదటికి వచ్చింది. మళ్లీ మొదలుపెట్టినారు. ఈసారి నిలిచింది. కాని పీడకలలు పోలేదు. గని దారి పట్టలేదు. మిషను చప్పుడుకు గుండె దడ తగ్గలేదు. అప్పుడు డాక్టరుగారు, ఇతనికి వున్నవి రెండు జబ్బులు, ఒకదానికే మందు పడింది అని చెప్పి, మాటలతో వైద్యము చేసే సైకాలజిస్టు దగ్గరకు పంపినారు. బడి సెలవులలో తోడుగా మేము పోయినాము. వరండాలో కూర్చొని మేము విని, అడిగి తెలిసికొన్న సంగతులే ఇప్పుడు మీ ముందు పెట్టుచున్నాము.

మొదటిదానిని సైకోసిస్ అంటారు. లేని గొంతులు వినబడుట, లేని కుట్ర వున్నదని నమ్ముట దీని లక్షణములు. రెండవదానిని పి.టి.యస్.డి. అంటారు. ప్రాణముమీదకు వచ్చిన ఘోరమును చూచినవారికి, అనుభవించినవారికి ఆ సంఘటన గడిచిపోక మళ్లీ మళ్లీ ఇప్పుడే జరుగుచున్నట్లు వుండుట దీని స్వభావము. మామూలు జ్ఞాపకము పాత రిజిస్టరు మాదిరి బీరువాలో వుంటుంది. కావలసినప్పుడు తీస్తాము, మూస్తాము. ఈ జ్ఞాపకము బీరువాలో ఇమడదు. చప్పుడు విన్నా, దుమ్ము వాసన తగిలినా దానంతట అదే తెరుచుకుంటుంది. ఈ జబ్బుకు వైద్య గ్రంథములలో ఈ పేరు 1980లో ఎక్కింది. వియత్నాం యుద్ధమునుంచి తిరిగివచ్చిన అమెరికా సిపాయిల బాధ దానికి ఒక ముఖ్య కారణము. కాని యుద్ధానికి పోనక్కరలేదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన రాత్రి మిద్దెలెక్కి కూర్చున్నవారిలో, మన సీమలో పాత కక్షల కాలాన ఇంటి ముందే నెత్తురు చూచిన పిల్లలలో, అత్తవారింట దెబ్బలు తిన్న ఆడబిడ్డలలో ఇది వుండవచ్చును.

ఈ రెండూ ఒకే మనిషిలో వుండుట అరుదు కాదు. సైకోసిస్ వున్నవారిలో నూటికి సుమారు 12 నుంచి 16 మందికి పి.టి.యస్.డి. కూడా వుంటుందని పలు పరిశోధనలను కలిపి చూచినవారు లెక్క వేసినారు. చిన్నతనములో ఘోరమైన కష్టములు పడినవారికి సైకోసిస్ వచ్చే అవకాశము ఇతరులకన్నా సుమారు మూడు రెట్లు వుంటుందని 2012లో ప్రచురించిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. దీనినిబట్టి ప్రతి సైకోసిస్‌కు దెబ్బే కారణమనుకోరాదు. వంశములో వచ్చేది వున్నది, గంజాయి మొదలగు మత్తులవలన వచ్చేది వున్నది. తల్లిదండ్రుల పెంపకమే తప్పు అని ఎవరినీ వేలెత్తి చూపరాదు. కాని గొంతు ఏమంటున్నది, అది ఎవరి గొంతు అని అడుగకుండా ‘పిచ్చి’ అని ఒక్క మాటలో తోసివేయుట మాత్రము తప్పు.

ఇక అసలు సంగతి. చాలాకాలము పెద్ద పెద్ద డాక్టర్లు కూడా మేము చెప్పినట్లే భయపడినారు. సైకోసిస్ వున్నవానిని పాత గాయము మాట అడిగితే గొంతులు పెచ్చు పెరుగుతవి, మనిషి చేయిదాటి పోతాడు అనుకున్నారు. అందువలన పి.టి.యస్.డి. వైద్యమును పరీక్షించిన పరిశోధనలలో చాలావాటికి ఇటువంటివారిని చేర్చుకొననేలేదు. ఈ భయము ఎంతవరకు నిజమని నెదర్లాండ్స్ దేశములో డేవిడ్ వాన్ డెన్ బెర్గ్, ఆయన తోటివారు పరీక్ష పెట్టినారు. 2015లో ఫలితము ప్రకటించినారు. 13 వైద్య కేంద్రములలో, రెండు జబ్బులూ వున్న 155 మందిని తీసుకున్నారు. మూడు జట్లు చేసినారు. రెండు జట్లకు రెండు పద్ధతుల వైద్యము. మూడవ జట్టు కొంతకాలము ఆగి వుండవలెను. వారానికొకసారి, గంటన్నర చొప్పున, 8 సార్లు. అందరికీ వారి మామూలు వైద్యము జరుగుచునే వున్నది. ఈ మాట గుర్తుంచుకోండి. మాటల వైద్యము మాత్రలకు బదులు కాదు, మాత్రలకు తోడు.

మొదటి పద్ధతిలో రోగి కండ్లు మూసుకొని, ఆనాటి సంగతి మొదటినుంచి చివరివరకు, ఇప్పుడే జరుగుచున్నట్లు చెప్పవలెను. వైద్యుడు పక్కన వుండి వినును. దానిని రికార్డు చేసి ఇంట్లో కూడా వినమందురు. భయముచేత మానుకున్న చోట్లకు కొద్దికొద్దిగా పోయి రమ్మందురు. ఎడ్నా ఫోవా అనే విదుషి పెంపొందించిన పద్ధతి ఇది. రెండవది ఫ్రాన్సిన్ షాపిరో 1980వ దశకం చివరలో కనిపెట్టినది. అందులో రోగి ఆ చేదు దృశ్యమును మనసులో పట్టుకొని, అదే సమయములో వైద్యుని వేళ్లు అటూ ఇటూ కదులుచుంటే కండ్లతో వెంబడించవలెను. మనసుకు ఒకేసారి రెండు పనులు పడినందున ఆ దృశ్యము పదును తగ్గిపోవునని దాని వివరణ.

ఫలితమేమి? వైద్యము ముగిసేసరికి మొదటి పద్ధతిలో నూటికి 57 మంది, రెండవ పద్ధతిలో నూటికి 60 మంది పి.టి.యస్.డి. హద్దు దాటి బయటపడినారు. ఆగి వున్న జట్టులో బయటపడినవారు నూటికి 28 మంది. ఆరు మాసముల తరువాత చూచినా గుణము నిలిచే వున్నది. అందరూ భయపడినట్లు జబ్బు ముదిరిందా? లేదు. వైద్యము పొందినవారికి చెడు జరుగుట ఆగి వున్నవారికన్నా ఎక్కువ కాలేదు. వారి అనుమానములు కూడా తగ్గినట్లు తరువాత వ్రాసినారు.

ఇది అందరికీ పనిచేసే మంత్రము కాదు. ఆ లెక్కలోనే నూటికి నలభైమందికి ఆ జబ్బు మిగిలే వున్నది. ఇంగ్లండులో 61 మందితో జరిపి 2017లో ప్రకటించిన మరొక పరీక్షలో, జ్ఞాపకమును ఇట్లు తిరిగి చెప్పించకుండా ముఖ్యముగా ఆలోచనలను సరిదిద్దే పద్ధతి వాడినారు. అది మామూలు వైద్యముకన్నా మెరుగని తేలలేదు. పైగా, ఈ పని నేర్చినవారే చేయవలెను. మన బేనిషాన్ మామిడిని గడ్డిలో మగ్గబెట్టే రైతు రోజూ తట్టి చూచుకుంటాడేగాని వత్తడు. ఆ ఓపిక లేనివారు ఇంట్లో కూర్చోబెట్టి “చెప్పు, ఏమి జరిగిందో చెప్పు” అని వత్తితే చెడుపు జరుగును. మన పని వైద్యము కాదు, వైద్యుని దగ్గరకు చేర్చుట. కాని తానై చెప్పుకొనవచ్చినప్పుడు “మరిచిపో” అని నోరు మూయకుండుట మన పనే. మా తప్పు సరిగా అక్కడ జరిగింది.

ఇక దర్గాల సంగతి. దీనిని మాట్లాడకుండా ఈ ప్రసంగము పూర్తి కాదు. మన ప్రాంతమునుంచి ఏ.యస్.పేటకు, కసుమూరుకు బాధపడేవారిని తీసుకొనిపోవుట తరతరాలుగా వున్నది. ముస్లింలే కాదు, అన్ని మతములవారు పోవుచున్నారు. అక్కడ దొరికే ఊరట చిన్నది కాదు. రోగిని ఎవరూ వెలివేయరు, తోటి బాధితులు తోడుంటారు. మేము దానిని తక్కువ చేయము. కాని 2001 ఆగస్టు 6వ తేదీని కూడా మరువరాదు. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు వచ్చే రోగులను వుంచుకొనే ఒక ప్రైవేటు ఇంటిలో, తెల్లవారుజామున కొట్టమునకు నిప్పంటుకున్నది. రోగులు గొలుసులతో కట్టివేయబడి వున్నారు. పారిపోలేకపోయినారు. 28 మంది చనిపోయినారు. వారిని అక్కడ వదిలిపెట్టినవారు పగవారు కారు, కన్నవారు, తోబుట్టువులే. వేరే దారి తెలియక వదిలినారు.

వేరే దారి వున్నది. గుజరాతులో ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గా వున్నది. అక్కడ 2008లో ‘దవా, దువా’ అనే కార్యక్రమము మొదలైనది. ముజావర్లకే జబ్బు గుర్తులు నేర్పినారు. దర్గాలోనే డాక్టరు కూర్చున్నారు. ముజావరు దువా చేసి, “ఇక ఆ గదిలోకి పోయి డాక్టరుకు చూపించుకో” అని పంపుతాడు. నమ్మకమును కొట్టివేయకుండా దానినే ఆసుపత్రికి దారి చేసుకొన్నారు. తరువాత ఏర్వాడిలో కూడా ఇదే పద్ధతి వచ్చింది.

దీనిని కొత్త వింత అనుకోనక్కరలేదు. పదవ శతాబ్దములోనే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరమునకు, మనసుకు విడివిడిగా వచ్చే జబ్బులను గూర్చి ఒకే గ్రంథములో వ్రాసి, భయమునకు, దుఃఖమునకు, వదలని తలపులకు చికిత్స చెప్పినారు. కైరోలో 1284లో కట్టిన ఖలావూన్ ఆసుపత్రిలో మనసు జబ్బువారికి కూడా చోటు వుండేది. మతిస్థిమితము లేనివానికి నమాజు, రోజా బాధ్యత లేదని మన ఫిఖహ్ చెప్పుచున్నది. అంటే దానిని జబ్బుగానే లెక్కించినారుగాని పాపముగా కాదు. రంజాను మాసములో మాత్రల వేళలు మార్చవలెనన్నా, ఉపవాసము వుండవలెనన్నా డాక్టరును అడుగక చేయరాదు. లిథియం వంటి మాత్రలు వాడేవారికి నీళ్లు తాగకపోవుట ప్రమాదకరము.

చట్టము కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుంచి అమలులోనికి వచ్చింది. దాని ప్రకారము రోగిని ఏ విధముగాను గొలుసులతో కట్టరాదు. సర్కారు ఖర్చుతో నడిచే చోట వైద్యము పొందుట హక్కు. శరీర జబ్బులతో సమానముగా దీనికి కూడా బీమా ఇవ్వవలెను. మన పొరుగునున్న బళ్లారి జిల్లాలో 1980వ దశకములోనే బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు మామూలు ఆసుపత్రి డాక్టర్లకే శిక్షణ ఇచ్చి పల్లెలకు ఈ మందులు చేర్చినారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో 4 జిల్లాలలో మొదలైంది. వాటిలో మెదక్ ఒకటి. మనకిప్పుడు నంద్యాలలో 2023 నుంచి సర్కారు వైద్య కళాశాల వున్నది. కర్నూలు పెద్దాసుపత్రి వున్నది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఫోను నెంబరు 14416. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ నెంబరు మసీదు నోటీసు బోర్డుమీద, బడి గోడమీద వ్రాయించవలెనని మా మనవి.

అయినా లోటు పెద్దది. 2015–16 జాతీయ సర్వే ప్రకారము మనసు జబ్బులలో రకమునుబట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందుటలేదు. మేము చెప్పిన మాటల వైద్యము నేర్చినవారు నగరములలో కూడా కొద్దిమందే. ఆ కొద్దిమంది దగ్గరకు చేరవలెనంటే బస్సు ఛార్జీ కావలెను, ఆనాటి కూలి పోవును, తోడు మనిషి కావలెను. ఎనిమిదిసార్లు పోవలెనంటే ఎనిమిది రోజుల కూలి, ఇద్దరిది. ఆ తల్లి మనలను అడిగింది అదే.

కనుక ఈ సభ ముందు మూడు మనవులు. ఒకటి, మన వైద్య సహాయ నియమములో “మనసు జబ్బు” అనే రెండు మాటలు చేర్చవలెను. దారి ఖర్చులు, తోడు మనిషి ఖర్చులు, మందుల ఖర్చులు అందులోకి రావలెను. రెండు, ఆ అర్జీలలో పేర్లు సభలో చదువరాదు. ఆడపిల్ల సంబంధము చెడునేమోనన్న భయముతోనే సగము ఇండ్లు నోరు విప్పుటలేదు. అధ్యక్షులు, కార్యదర్శి మాత్రమే చూడవలెను. మూడు, మన మౌల్వీ సాహెబ్‌లను, దర్గాల ముజావర్లను, అంగన్‌వాడీ, ఆశా అక్కలను, మావంటి పంతుళ్లను ఒక ఆదివారము కూర్చోబెట్టి ఒక డాక్టరుగారిచేత జబ్బు గుర్తులు చెప్పించవలెను. అతిగా ఖర్చయ్యే పని ఏదీ ఇందులో లేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడెట్లున్నాడని మీరు అడుగుతారు. పూర్తిగా బాగైనాడని చెప్పి చప్పట్లు కొట్టించుకోము. మాత్రలు మింగుచున్నాడు. గనికి పోలేదు, పోనక్కరలేదు కూడా. ఎండాకాలము మామిడి మండీలో, తక్కిన దినములు ఒక అంగడిలో లెక్కలు వ్రాయుచున్నాడు. ఆనాటి సంగతి ఆ గదిలో ఎన్నోసార్లు చెప్పినమీదట అతనికి ఒకటి బోధపడింది. తాను వదిలిపెట్టి ఎక్కలేదు. అన్నే అరిచి పైకి నెట్టినాడు. ఆ సంగతి అంతవరకు మట్టికింద వుండిపోయింది. మేము “మరిచిపో” అన్నప్పుడు దానిని కూడా పూడ్చినాము.

పోయిన షబే బరాత్ రాత్రి మొదటిసారి అన్న సమాధి దగ్గరకు పోయినాడు. మేము వెంట పోయినాము. వచ్చేటప్పుడు, “గొంతు ఇంకా వినబడుతుందా బేటా?” అని అడిగినాము. “ఎప్పుడైనా వస్తుంది సార్. వస్తే రానీ. ఇప్పుడు తిట్టడం లేదు” అన్నాడు. అన్న ఫోటో తల్లి మళ్లీ గోడకు తగిలించింది.

నియమావళి సవరణకు కాగితము సిద్ధము చేసి తెచ్చినాము. ఆనాటి కాగితము మీద సంతకము చేసినవాళ్లము, దీనిమీద మొదటి సంతకము కూడా మేమే చేసి అధ్యక్షుల వారి ముందు పెట్టుచున్నాము. తక్కినది మీ దయ.

అల్లా మన ఇండ్లలో బాధపడేవారికి షిఫా ప్రసాదించుగాక. వారి పక్కన కూర్చొనే ఓపిక మనకు ఇచ్చుగాక. ఆమీన్. వస్సలాం.